గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాయుమని కార్యవర్గమువారు కోరగా, చదువరులలో పెక్కురు మరచిన ఈ పేరు నా మనస్సునకు తోచినది.

లక్ష్మీనరసుశెట్టిగారు 1806లో చెన్నపట్టణమున తెలుగు వర్తక కుటుంబమున జన్మించిరి. తండ్రి సిద్ధులుశెట్టిగారు నీలిమందు వ్యాపారి. కుమారుడు పెద్ద చదువులు చదువలేదు; తండ్రి వెంట వ్యాపారము నేర్చి ధనము గడించెను. 1844లో ‘క్రెసెంటు’ అను ఆంగ్ల పత్రికను చేపట్టి, హార్లీ అను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించిరి. మిషనరీల మతప్రచారమును ఎదుర్కొనుటకే ఆ పత్రిక పుట్టినది. అయినను శెట్టిగారిని నేడు మనము తలపవలసినది అందులకు గాదు, రైతు ఒడలికి తగిలిన దెబ్బను సీమదాక వినిపించినందులకు.

నాడు చెన్నరాజధానిలో తహసీల్దారే శిస్తు వసూలు చేయును. పోలీసు అధికారమును ఆయనదే. కొట్టించినవాని యొద్దకే కొట్టబడినవాడు ఫిర్యాదునకు పోవలెను. శిస్తు బాకీపడిన రైతు వ్రేళ్లను రెండు కర్రల నడుమ పెట్టి నొక్కెడివారు. దీనినే కిట్టి యందురు. తలను కాళ్లకు వంచి త్రాటితో కట్టి ఎండలో ఉంచెడివారు. ఇందు గ్రామోద్యోగులకును పాలు కలదు. లెక్కవ్రాతయే వృత్తిగా గల నాకు ఈ మాట వ్రాయుట కష్టముగనే యున్నది. జమాబందీ లెక్కలలో వసూలైన రూపాయి కనబడును గాని, అది ఎట్లు వసూలైనదో కనబడదు.

శెట్టిగారు 1852లో మదరాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, ఆ ఏడే బ్రిటిష్ పార్లమెంటునకు మహజరు పంపిరి. పన్నుల భారము, న్యాయస్థానముల జాప్యము, ఈ హింసలు అందు విన్నవింపబడినవి. 1853లో సేమూరు అను పార్లమెంటు సభ్యుడు మదరాసు రాగా, శెట్టిగారు ఆయనను జిల్లాలు త్రిప్పి రైతుల గోడు ప్రత్యక్షముగ వినిపించిరి. మరుసటి యేడు సేమూరు సభలో ఆ మాట ఎత్తగా, ప్రభుత్వము ఎలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురతో విచారణసంఘము నేర్పరచెను. 519 మంది స్వయముగ వచ్చి చెప్పుకొనిరి. 1,440 మంది లేఖలు పంపిరి.

1855 నాటి నివేదిక హింస నిజమని ఒప్పుకొన్నది. కాని దొరలు నిర్దోషులనియు, తప్పంతయు దేశీయోద్యోగులదే ననియు తేల్చినది. ఇది నాకు రుచింపదు. పైనుండి ఒత్తిడి లేనిదే క్రిందివాడు కర్ర ఎత్తునా? ఏమైనను 1859 నాటి చట్టముచే పోలీసును శిస్తు వసూలునుండి వేరుచేసిరి.

మన నాగారము నాడు నైజాము ఏలుబడిలోనిది. ఆ చట్టము మన రైతును చేరలేదు. ఇచ్చట వెట్టి, దౌర్జన్యము మరి తొంబదియేండ్లు సాగినవి.

1863లో శెట్టిగారిని మదరాసు శాసనసభకు నియమించిరి. పత్రికకును సంఘమునకును సొంత సొమ్మే ధారవోసిన ఆయన, 1868లో కన్నుమూయునాటికి బీదవాడై యుండెను.