రెండణాల జరిమానా

మోహనదాసు కరంచంద్ గాంధీ 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించెను. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబము రాజకోటకు చేరగా బాలుని చదువు అచ్చటనే సాగెను. అతడు మిక్కిలి సిగ్గరి. గంట మ్రోగువేళకు బడికి చేరుట, బడి విడిచినతోడనే ఎవరితోను మాటలాడక ఇంటికి పరుగిడుట అతని అలవాటు.

ఉన్నత పాఠశాలలో చేరిన మొదటి సంవత్సరమున గైల్సు అను విద్యాధికారి తనిఖీకి వచ్చెను. ఆయన ఐదు ఇంగ్లీషు మాటలు చెప్పి పిల్లలచే వ్రాయించెను. అందు కెటిల్ అనునది యొకటి. మోహనదాసు దానిని తప్పుగా వ్రాసెను. ఉపాధ్యాయుడది గమనించి, ప్రక్కవాని పలక చూచి దిద్దుకొనుమని బూటు కొనతో సంజ్ఞ చేసెను. బాలునకు ఆ సంజ్ఞ బోధపడలేదు. ఒకరి పలక నొకరు చూడకుండ కావలి కాయుటకే ఉపాధ్యాయుడు అచ్చట నిలిచియున్నాడని అతని నమ్మకము! తుదకు తరగతిలో అతడు తప్ప అందరును ఐదు మాటలు సరిగా వ్రాసినట్లు తేలెను. తనిఖీనాడు తరగతికి మంచిపేరు రావలెనని ఉపాధ్యాయుడు కోరుట సహజమే. కాని ఆ పేరుకు వెల బాలునిచే ఇప్పింపజూచుట న్యాయము కాదు. అయినను మోహనదాసునకు గురువుపై గౌరవము తగ్గలేదు.

పై తరగతులలో ప్రధానోపాధ్యాయుడు దొరాబ్జీ ఎదల్జీ గిమీ. ఆయన వ్యాయామమును నిర్బంధము చేసెను. మోహనదాసునకు బడి కాగానే ఇంటికేగి జబ్బుతోనున్న తండ్రికి సేవచేయవలెనని యుండెను. ఒక శనివారము ఉదయము బడి జరిగెను. సాయంకాలము నాలుగు గంటలకు వ్యాయామమునకు మరల రావలెను. అతనికి గడియారము లేదు. ఆకాశము మబ్బుపట్టియుండుటచే ప్రొద్దు తెలియలేదు. అతడు చేరునప్పటికి పిల్లలందరును వెడలిపోయి యుండిరి.

మరునాడు గిమీ హాజరుపట్టీ చూచి కారణమడిగెను. జరిగినది జరిగినట్లే చెప్పినను నమ్మక, అణాయో రెండణాలో జరిమానా విధించెను. డబ్బుకు కాదు బాలుడు దుఃఖించినది. తాను అబద్ధమాడినవాడుగా ఎంచబడినాడు! నిజమును రుజువు చేయు మార్గమేది? అతడు వెక్కివెక్కి ఏడ్చెను. సత్యము పలుకువాడు జాగరూకుడై కూడ ఉండవలెనని ఆనాడు గ్రహించెను. చివరకు జరిమానా రద్దయినట్లు ఆయనకు లీలగా జ్ఞాపకము. సాకులు చెప్పు పిల్లలను నిత్యము చూచు ప్రధానోపాధ్యాయునకు నిజము కూడ సాకువలెనే వినబడును. ఆ కుర్చీలో కూర్చుండిన నాకది తెలియును.

1893లో గాంధీజీ దక్షిణాఫ్రికాకు వెళ్ళిరి. 1910లో జొహానెస్‌బర్గు సమీపమున టాల్‌స్టాయి క్షేత్రము నెలకొల్పి, అచ్చటి పిల్లలకు తామే చదువు చెప్పిరి. వారిలో పదునేడేండ్ల వాడొకడు కలహప్రియుడు, అబద్ధములాడువాడు. ఒకనాడు వాడు చెలరేగగా గాంధీజీ ఎంతయో నచ్చజెప్పిరి. వాడు వినకపోగా వారినే మోసపుచ్చజూచెను. వారు కోపము పట్టలేక రూళ్లకర్రతో వాని చేతిపై ఒక దెబ్బ వేసిరి. కొట్టుచునే వారి దేహము వణకెను. వాడు ఏడ్చి క్షమాపణ వేడెను. బలిష్ఠుడగు ఆ యువకునకు దెబ్బ లెక్కలోనిది కాదు. గురువు పడిన బాధయే వానిని కదలించెను. ఆ పిమ్మట వాడు వారి మాట జవదాటలేదు. పిల్లలు తప్పులు చేయుట మాత్రము మానలేదు. గాంధీజీ మరల ఎవరిమీదను చేయిచేసికొనలేదు.