జాక్ స్టీన్

మనిషిని పుట్టుకతో కాక పనితో తూచిన సంస్థ ఎలా వర్ధిల్లుతుందో జాక్ స్టీన్ జీవితం చెబుతుంది.

స్కాట్లండులో బొగ్గుగనుల సీమయైన లానార్క్‌షైర్‌లో 1922 అక్టోబరు 5న ఆయన జన్మించారు. కౌమారంలోనే గనిలో కూలికి చేరారు. వారమంతా భూగర్భంలో శ్రమించి, శనివారాల్లో ఆల్బియన్ రోవర్స్ ఫుట్‌బాల్ జట్టుకు రక్షణపంక్తి నడుమ నిలిచి ఆడేవారు.

1951లో గ్లాస్గో నగరపు సెల్టిక్ క్లబ్బు ఆయనను ఆపద్ధర్మంగా తీసుకుంది. ఐర్లండు నుండి వలసవచ్చిన నిరుపేద కేథలిక్కుల సహాయార్థం 1887లో స్థాపితమైన క్లబ్బు అది. స్టీన్ ప్రొటెస్టంటు. మతాన్ని బట్టి అభిమానులు చీలిన ఆ నగరంలో ఇది సామాన్య విషయం కాదు. అయినా అచిరకాలంలోనే ఆయన నాయకుడై, 1954లో లీగునూ, కప్పునూ గెలిపించారు.

చీలమండ గాయంతో 1957లో ఆట విరమించి, యువకులకు శిక్షణ నిచ్చారు. 1961లో డన్‌ఫర్మ్‌లిన్ జట్టును తీర్చిదిద్ది, సెల్టిక్‌నే ఓడించి స్కాటిష్ కప్పు సాధించారు. 1965లో సెల్టిక్ ఆయనను మేనేజరుగా పిలిచింది. అంతవరకు కేథలిక్కు కానివారెవరూ ఆ పదవి నధిష్ఠించలేదు.

1967 మే 25న లిస్బన్‌లో ఇటలీకి చెందిన ఇంటర్ మిలన్‌ను 2-1తో జయించి, యూరోపియన్ కప్పు పొందిన తొలి బ్రిటిష్ జట్టుగా సెల్టిక్ నిలిచింది. ఆనాటి పదకొండుగురూ స్వస్థలానికి దాదాపు 30 మైళ్ల లోపున పుట్టినవారే. వారిలో రెండు శాఖలవారూ ఉన్నారు. 1966 నుండి 1974 వరకు వరుసగా తొమ్మిదిసార్లు లీగు విజయం వారిదే.

తరువాత స్కాట్లండు జాతీయ జట్టుకు మేనేజరైన స్టీన్, 1985 సెప్టెంబరు 10న కార్డిఫ్‌లో వేల్స్‌తో పోటీ ముగుస్తుండగా కుప్పకూలి, ఆ క్రీడాస్థలిలోనే కన్నుమూశారు. నాడు సెల్టిక్ ఆయన మతాన్ని లెక్కించి ఉంటే, లిస్బన్ విజయం ఆ క్లబ్బుకు దక్కేదా?