మంద్రస్వరమునకు గళమిచ్చిన లియో ఫెండరు

సంగీతసభలో శ్రోతలు గాయకుని మెచ్చుకొందురు; ఫిడేలును మెచ్చుకొందురు; మృదంగమునకు తలలూపుదురు. అడుగున నుండి పాటనంతయు మోయుచుండు మంద్రస్వరమును గమనించువారు అరుదు. ఇంటికి పునాది యెట్టిదో పాశ్చాత్య వాద్యబృందమునకు బేసు అట్టిది. అది యున్నప్పుడు ఎవ్వరును చూడరు. లేనప్పుడు మాత్రము పాట వెలితిగా తోచును. నేడు మన చలనచిత్ర గీతములలోను, యువకుల వాద్యబృందములలోను వినబడు బేసు గిటారును, దాని నాదమును పెంచు ఆంప్లిఫయరును లోకమున వ్యాపింపజేసిన పురుషుడు లియో ఫెండరు. బేసు నేర్చుకొనుచు, ఇంట సాధన చేసికొనుటకు ఎట్టి ఆంప్లిఫయరు కొనవలెనని మమ్మడుగు విద్యార్థులు కొందరు కలరు. వారికి యంత్రముల పేరులు చదివి వినిపించుటకంటె ఈ పురుషుని చరిత్ర చెప్పుటయే మేలని మాకు తోచినది. ఏలయన, వారి ప్రశ్నకు ఉత్తరము ఆయన జీవితములోనే యున్నది.

క్లారెన్సు లియోనిడాసు ఫెండరు 1909వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియాలో, ఆనహైము, ఫుల్లర్టను పట్టణముల ప్రాంతమున జన్మించెను. తలిదండ్రులకు నారింజతోట జీవనాధారము. ఎనిమిదవ యేట ఈ బాలుని ఎడమకంటిలో కణితి పుట్టగా, వైద్యులు ఆ కంటిని తీసివేసి గాజుకన్ను అమర్చిరి. పసితనముననే కలిగిన ఈ లోపమునకు ఆయన క్రుంగిపోలేదు. చూపు సగమైనను చెవులు రెండును మేలుకొనియే యుండెను.

పదునాలుగేండ్ల ప్రాయమున, మోటారు బండ్ల విద్యుత్పరికరముల దుకాణము నడుపుచుండిన దగ్గరి బంధువొకడు ఒక పెట్టెనిండ పారవేయదగిన రేడియో భాగములను, ఒక బ్యాటరీని లియోకు పంపెను. మరుసటి సంవత్సరము శాంటా మరియా పట్టణములోని ఆ దుకాణమునకు లియో వెళ్లెను. విడిభాగములతో బంధువు స్వయముగా కూర్చిన రేడియో యొకటి దుకాణము ముందర బిగ్గరగా పాడుచుండెను. ఆ స్పీకరునుండి వెలువడిన నాదము బాలుని మనస్సున చెరగని ముద్ర వేసెను. ఇంటికి మరలివచ్చి, తలిదండ్రుల యింటనే యొక మూల కూర్చుండి రేడియోలు బాగుచేయ నారంభించెను.

1928లో ఫుల్లర్టను ఉన్నతపాఠశాలలో చదువు ముగించి, ఆ యూరి కళాశాలలో చేరెను. అచట ఆయన చదివినది విద్యుచ్ఛాస్త్రము కాదు; జమాఖర్చుల లెక్కలు. విద్యుత్తును గూర్చి ఆయనకు తెలిసినదంతయు రేడియోలను విప్పి, చెడిన భాగమును వెదకి, మరల కూర్చి నేర్చుకొన్నదే. చదువు ముగిసిన పిదప మంచుగడ్డల వ్యాపారసంస్థలో సరకు చేరవేయువాడుగాను, పిమ్మట లెక్కలు వ్రాయువాడుగాను పనిచేసెను. ఆ దినములలోనే నృత్యసభలకై ఒక వాద్యబృంద నాయకుడు కోరగా ఆరు ధ్వనివర్ధక యంత్రములను నిర్మించి యిచ్చెను. 1934లో ఎస్తేరు అను యువతిని వివాహమాడెను. అది అమెరికాలో ఆర్థికమాంద్యము ముమ్మరముగా నున్న కాలము. రహదారుల శాఖలో దొరకిన గుమాస్తా యుద్యోగము పోయెను. చక్రముల టైర్ల వ్యాపారసంస్థలో దొరకిన యుద్యోగమును కొన్ని నెలలకే పోయెను. ఇక ఒకరి కొలువు నమ్మి లాభము లేదని, 1938లో ఆరువందల డాలర్లు అప్పుచేసి, భార్యతో ఫుల్లర్టనునకు మరలివచ్చి రేడియోలు బాగుచేయు దుకాణమును తెరచెను.

ఆ దుకాణమే ఆయనకు నిజమైన విశ్వవిద్యాలయ మయ్యెను. సమీపమున నాట్యశాలలలో వాయించు సంగీతకారులు చెడిపోయిన ఆంప్లిఫయర్లను తెచ్చి ఆయన బల్లమీద పెట్టుచుండిరి. ఏ కీలు వదులగుచున్నదో, ఏ వాల్వు మాడుచున్నదో, ఏ పెట్టె ప్రయాణములలో పగులుచున్నదో ఆయన కనులార చూచెను. ఇచట మేమొక విశేషమును చెప్పవలసియున్నది. ఫెండరు చిన్ననాడు పియానో, శాక్సఫోను కొంత నేర్చెను గాని, గిటారు వాయించుట ఆయనకు రాదు. రాదు గనుకనే, వచ్చినవారు చెప్పినది ఓపికతో వినెను. తన యభిరుచిని వారిమీద రుద్దలేదు. నమూనా వాద్యములను వారి కిచ్చి, సభలలో వాయింపజేసి, వారు చెప్పిన లోపములను సరిదిద్ది మరల ఇచ్చుచుండెను. ఈ యలవాటే ఆయన కీర్తికి మూలము.

1945 ప్రాంతమున డాక్ కాఫ్మను అను మిత్రునితో కలిసి ఒళ్లో పెట్టుకొని వాయించు స్టీలు గిటార్లను, వాని ఆంప్లిఫయర్లను చేయ మొదలిడెను. 1946లో కాఫ్మను విరమించుకొనగా, ఫెండరు తన పేరనే సంస్థను నెలకొల్పెను. 1950లో బోలుపొట్ట లేని గట్టి చెక్కతో చేసిన విద్యుత్ గిటారును విడుదల చేసెను. అదియే 1951నుండి టెలికాస్టరు అను పేర ప్రసిద్ధమైనది. 1954లో స్ట్రాటోకాస్టరు వెలువడెను. కాని మన ప్రస్తావన బేసును గూర్చినది.

అప్పటి వాద్యబృందములలో బేసు వాయించువాని పాట్లు చెప్పనలవి కావు. ఆ వాద్యము మనిషికంటె ఎత్తైన పెద్ద ఫిడేలువంటిది. దానిని బండి కెక్కించుటయే యొక యుద్ధము. ఇంత శ్రమపడి సభకు తెచ్చినను, డోళ్లు, బాకాలు, విద్యుత్ గిటార్లు మ్రోగుచుండగా దాని స్వరము వినబడదు. వ్రేళ్లు బొబ్బలెక్కునట్లు మీటినను ముందువరుస శ్రోతకైనను చేరదు. పైగా దానికి మెట్లు లేవు. స్వరస్థానమును చెవితో వెదకి పట్టుకొనవలెను. ఈ కష్టములనన్నిటిని విన్న ఫెండరు 1951లో ప్రెసిషన్ బేసును నిర్మించెను. గిటారువలె భుజమునకు తగిలించుకొనవచ్చును. తీగ నిడివి 34 అంగుళములు. వీణకున్నట్లు మెట్లున్నవి గనుక వ్రేలుంచినచోట స్వరము తప్పక పలుకును. ప్రెసిషన్ అనగా కచ్చితత్వము. ఆ పేరు అందుచేతనే వచ్చినది. సియాటిలు నగరమున పాల్ టట్మార్క్ అనువాడు 1930ల నడుమనే విద్యుత్ బేసు నొకదానిని చేసియుండెను. కాని అది వ్యాపింపలేదు. ఫెండరు బేసును లయొనెల్ హాంప్టను వాద్యబృందమున మంక్ మాంట్‌గొమరీ వంటివారు చేపట్టగా, అనతికాలముననే అది దేశమంతట ప్రాకెను.

అయితే వాద్యమున్న మాత్రమున చాలదు. విద్యుత్ బేసు తనంతట తాను పలుకదు. ఆంప్లిఫయరే దాని గొంతుక. గిటారు అడుగుతీగ సెకనుకు సుమారు 82 కంపనములు చేయును. బేసు అడుగుతీగ అందులో సగము, అనగా 41 మాత్రమే. స్వరమెంత మంద్రమైన, దానిని వినిపించుటకు స్పీకరు అంత యెక్కువ గాలిని కదల్పవలెను. గిటారుకొరకు చేసిన చిన్న స్పీకరునకు ఈ పని చెప్పినచో అది గరగరలాడును. బిగ్గరగా వాయించినచో చినిగిపోవును. అందుచే ఫెండరు 1952లో 15 అంగుళముల స్పీకరుతో బేస్‌మన్ అను ప్రత్యేకమైన ఆంప్లిఫయరును వెలువరించెను. కొలది యేండ్లకు ఒక పెద్ద స్పీకరునకు బదులు 10 అంగుళముల స్పీకర్లు నాలుగింటిని అమర్చెను. ఒక్కడు మోయలేని బరువును నలుగురు పంచుకొనినట్లు, ఆ నాలుగును భారమును పంచుకొనెను.

ఇచట నొక చిత్రము జరిగెను. బేసుకొరకు చేసిన ఈ యంత్రమును గిటారు వాద్యకారులు ఎత్తుకొనిపోయిరి. కొంచెము హెచ్చుగా పెంచినపుడు దానినుండి వెలువడు కమ్మని గరుకుదనము వారి చెవులకు ఇంపయ్యెను. 1962 ప్రాంతమున లండనులో జిమ్ మార్షలు అను దుకాణదారుడు తన మొదటి ఆంప్లిఫయరును దీనిని చూచియే చేయించెను. యంత్రము దేనికొరకని నిర్మాత పేరు పెట్టినను, తుదితీర్పు వినువాని చెవిదే యని దీనివలన తెలియుచున్నది.

పెద్దసభలకు యంత్రములు చేసిన ఫెండరు ఇంటిలో సాధన చేయు బాలురను మరువలేదు. నేర్చుకొనువారికై 1940ల చివరినుండియే చిన్న ఆంప్లిఫయర్లను చేసెను. వానిలో చాంప్ అను దానికి 1950లలో ఉన్నది ఒకే స్పీకరు, శబ్దము నెక్కించి దించు ఒకే గుండీ, సుమారు 5 వాట్ల బలము. అది బేసుకొరకు చేసినది కాదు. కాని గదికి తగిన యంత్రము వేరు, సభకు తగిన యంత్రము వేరు అను వివేకమునకు అది సాక్షి.

1950లలో సోకిన వ్యాధి ఫెండరును చాలకాలము బాధించెను. తాను బహుకాలము బ్రతుకనని తలచి, 1965 జనవరిలో తన సంస్థను సీబీఎస్ అను పెద్దసంస్థకు ఒక కోటి ముప్పది లక్షల డాలర్లకు విక్రయించెను. తరువాత వేరొక వైద్యుని చికిత్సచే ఆయనకు స్వస్థత చేకూరెను. ఆరోగ్యము వచ్చెను గాని, తన పేరుగల సంస్థ మాత్రము పరులదయ్యెను. ఇంతటి ధనము గలవాడు చేతులు ముడుచుకొని కూర్చున్నను తప్పుపట్టువారు లేరు. ఆయన అట్లు చేయలేదు. మ్యూజిక్ మాన్ అను సంస్థలో చేరి, 1976లో స్టింగ్‌రే అను బేసును వెలువరింపజేసెను. బ్యాటరీతో పనిచేయు చిన్న స్వరసవరణ యంత్రము దానిలోపలనే కలదు. 1979లో భార్య ఎస్తేరు మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి, పాతమిత్రుడైన జార్జి ఫుల్లర్టనుతో జీ అండ్ ఎల్ అను మరియొక సంస్థను స్థాపించెను. కంపవాతము చేతులను వణకించుచున్నను కడపటి దినములవరకు పనిశాలకు పోవుట మానలేదు. 1991 మార్చి 21వ తేదీన, 81వ యేట పరమపదించెను. మరుసటి సంవత్సరము అమెరికాలోని రాక్ సంగీత కీర్తిమందిరమున ఆయన పేరు చేర్చబడినది.

ఇక మా విద్యార్థుల ప్రశ్నకు వత్తము. మేమును మొదట పొరపడితిమి. పెద్దదియే మేలని యెంచి, చౌకగా దొరకిన 15 అంగుళముల స్పీకరుగల పాతయంత్రము నొకదానిని ఇంటికి తెచ్చితిమి. అడుగుతీగను మీటగానే అటకమీది ఇత్తడిబిందెలు గణగణలాడెను. ప్రక్కయింట నిద్రించుచున్న పసిబిడ్డ మేలుకొని యేడ్చెను. మంద్రస్వరములకు గోడలు అడ్డుకావని నాడు తెలిసికొంటిమి. శబ్దమును తగ్గించినచో ఆ యంత్రము నోటిలో గుడ్డ కుక్కినట్లు మూలుగుచుండెను. సిగ్గుచేత మూడు వారములు వాద్యమును ముట్టనేలేదు. సాధన చేయనీయని యంత్రము ఎంత గొప్పదైనను మనకు గొప్పది కాదు గదా! తుదకు దాని నమ్మివేసి చిన్నదానిని తెచ్చుకొంటిమి. నాటినుండి ప్రతిసాయంకాలమును మాకు పండుగయే.

కావున, ఇంటి సాధనకు 8 లేక 10 అంగుళముల స్పీకరుతో, 15 మొదలు 40 వాట్ల బలముగల బేసు ఆంప్లిఫయరు చాలును. వాట్ల సంఖ్యను చూచి మోసపోరాదు. శబ్దము రెండింతలుగా తోచుటకు బలము సుమారు పదింతలు కావలెను. చెవికి తగిలించుకొను హెడ్‌ఫోనులకు రంధ్రమున్నదో లేదో తప్పక చూడవలెను. రాత్రివేళ అదియే ఇరుగుపొరుగుతో స్నేహమును కాపాడును. పాటను ప్రక్కన మ్రోగించుకొని దానితో కలిసి వాయించుటకు వేరొక రంధ్రమున్న మరియు మంచిది. దుకాణమునకు పోవునపుడు మీ బేసునే తీసికొనిపోయి, ఇంట వాయించునంత మెల్లగా వాయించి, అడుగుతీగ నుండి పైతీగవరకు ప్రతి స్వరమును వినుడు. ఇంటికి తెచ్చిన పిదప గదిమూల నుంచకుడు. మూలలో మంద్రము ఉబ్బి స్వరములు కలగాపులగ మగును. చిన్నపీటమీద నుంచి స్పీకరు మీ చెవివైపు చూచునట్లు చేయుడు. మంద్రమును పెంచు గుండీని కొంచెము తగ్గించి, నడిమి స్వరముల గుండీని కొంచెము హెచ్చింపుడు. వ్రేళ్ల తప్పులు స్పష్టముగా వినబడును. తప్పు వినబడుటయే సాధనకు ప్రయోజనము.

గిటారు వాయింపనేరని ఫెండరు వినుటచేతనే లోకమునకు వాద్యముల నొసగెను. మనమును ఆయనవలె ముందు వినుట నేర్తుముగాక. మన వాద్యమును, మన యింటిని, ప్రక్కయింటి పసిబిడ్డను విన్న పిమ్మట కొనిన ఆంప్లిఫయరు చిన్నదైనను మన చేతిలో సార్థకమగును.