జల్లెడ చేసిన మనిషి

పోయిన సంక్రాంతి సెలవుల్లో శ్రీశైలం వెళ్తుంటే, దోర్నాల దాటాక ఘాట్‌లో మా కారు మొరాయించింది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకింది, బానెట్ కింద నుంచి ఒకటే ఆవిరి. మెకానికల్ చదువుతున్నా కదా అన్న ధీమాతో రేడియేటర్ మూత తిప్పబోయాను. నాన్న చెయ్యి పట్టి లాగకపోతే మరిగే నీళ్లు నా మొహాన చిమ్మేవే. తర్వాత మెకానిక్ అసలు సంగతి చూపించాడు. రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు పేరుకుపోయి గాలి ఆడట్లేదట. ఆ జల్లెడ లాంటి వస్తువు ఎవరి బుర్రలో పుట్టిందా అని వెతికితే విల్‌హెల్మ్ మేబాక్ కథ దొరికింది.

1846లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఓ వడ్రంగి ఇంట పుట్టాడు. 10 ఏళ్లకే అమ్మానాన్నలిద్దరూ పోయారు. రాయిట్లింగెన్‌లోని అనాథాశ్రమం చేరదీసింది. అక్కడి వర్క్‌షాపులోనే డ్రాయింగ్ నేర్చుకున్నాడు. ఆ వర్క్‌షాపుకి మేనేజర్‌గా వచ్చిన గాట్లీబ్ డైమ్లర్ ఈ కుర్రాడి చేతిలోని పనితనం పసిగట్టాడు. డైమ్లర్ 12 ఏళ్లు పెద్ద. ఆ జోడీ డైమ్లర్ పోయేదాకా విడిపోలేదు.

1882లో ఇద్దరూ కన్‌స్టాట్‌లో డైమ్లర్ ఇంటి తోటలోని గాజుగదిని వర్క్‌షాపుగా మార్చుకున్నారు. రాత్రీపగలూ తలుపులేసుకుని పని చేస్తుంటే, దొంగనాణేలు ముద్రిస్తున్నారేమోనని పోలీసులు సోదా చేశారని చెబుతారు. దొరికినవి ఇంజన్లే! 1885లో ఆ ఇంజన్‌నే రెండు చక్రాల బండికి బిగించారు.

ఇంజన్ల బలం పెరిగేకొద్దీ వేడీ పెరిగింది. పెట్రోలు వేడిలో పెద్ద వాటా చక్రాలకి చేరదు, దాన్ని బయటికి తోలాల్సిందే. తొలి కార్లలో నీళ్లు మరిగి ఆవిరైపోయేవి, దారిపొడుగునా పోసుకుంటూ పోవాల్సిందే. ఎక్కువ నీళ్లు మోస్తే బండి బరువు. ఇక్కడే మేబాక్ కిటుకు పట్టేశాడు: పెంచాల్సింది నీళ్లని కాదు, గాలి తగిలే చోటుని. 1900 చివర్లో తయారైన 35 హెచ్‌పీ మెర్సిడెస్‌కి 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 పేర్చి తేనెపట్టు లాంటి రేడియేటర్ చేశాడు. గొట్టాల్లోంచి గాలి, వాటి చుట్టూ నీళ్లు. వెనక ఓ ఫ్యాన్. 9 లీటర్ల నీళ్లతో సరిపోయింది. 1901 మార్చిలో నీస్ పోటీల్లో ఆ కారు అందర్నీ తలతిప్పి చూసేలా చేసింది.

ఆ విజయం చూడ్డానికి డైమ్లర్ లేడు, 1900 మార్చిలోనే పోయాడు. ఆ అండ పోయాక కంపెనీలో మేబాక్‌ని మెల్లగా పక్కకి నెట్టారు. 1907లో బయటికొచ్చేశాడు. అప్పటికి వయసు 61. ఇంకొకరైతే ఇంట్లో కూర్చునేవాళ్లు. ఈయన కొడుకు కార్ల్‌తో కలిసి, 1909లో జెప్పెలిన్ గాలిఓడలకి ఇంజన్లు చేసే కంపెనీ పెట్టించాడు. 1929 డిసెంబరులో కన్నుమూశాడు. కన్‌స్టాట్‌లో డైమ్లర్ సమాధి ఉన్న శ్మశానంలోనే ఆయన్నీ పూడ్చారు.

థర్మల్ పేపర్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్ ఫార్ములా రాసి మార్కులు తెచ్చుకున్నాను. అందులో వైశాల్యం అన్న అక్షరం ఎందుకుందో మాత్రం ఘాట్ రోడ్డు మీద తెలిసింది. ఇప్పుడు ఇంటికెళ్లినప్పుడల్లా ఇంజన్ చల్లగా ఉండగానే కూలెంట్ మట్టం చూస్తాను, రెక్కలు వంగిపోకుండా పల్చటి నీటిధారతో కడుగుతాను. మూత జోలికి మాత్రం వేడి మీద వెళ్లను. మీరూ వెళ్లకండి.