నాట్యాచార్య అగ్రిప్పీనా వాగనోవా

బాలే యనునది యూరపు ఖండపు శాస్త్రీయ నాట్యము. అందు మాట లేదు, పాట లేదు. వాద్యసంగీతము ననుసరించి దేహమే కథ చెప్పును. నర్తకి కాలివ్రేళ్ల కొనలపై నిలిచి తిరుగును. ఇటలీ, ఫ్రాన్సు దేశములలో పెరిగిన యీ విద్య రష్యా చక్రవర్తుల పోషణమున పరిపక్వమయ్యెను. చక్రవర్తులు పోయిన పిదప అది నశింపకుండ కాపాడిన గురువులలో అగ్రిప్పీనా వాగనోవా అగ్రగణ్యురాలు.

ఆమె 1879వ సంవత్సరమున సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున జన్మించెను. తండ్రి ఆర్మీనియా జాతీయుడు. మరీన్‌స్కీ నాటకశాలలో ప్రేక్షకులకు ఆసనములు చూపు చిరుద్యోగి. ఆమె ప్రభుత్వ నాట్యపాఠశాలలో చదువు ముగించి, 1897లో ఆ నాటకశాలలోనే కొలువు కుదిరెను.

కాళ్ల బలము, గంతులోని ఎత్తు ఆమెకు పెట్టని సొమ్ములు. కాని రూపమున గాని, చేతుల సౌకుమార్యమున గాని ఆమె మేటి యనిపించుకొనలేదు. నాటి నాట్యదర్శకుడు మారియస్ పెటిపాకు ఆమె నాట్యము రుచింపలేదు. నాయిక పాత్రలు దక్కక, నడుమ వచ్చు ఒంటరి నృత్యములతోనే ఏండ్లు గడచెను. ప్రధాననర్తకి పదవి 1915లో లభించెను. 1916లో రంగస్థలమును విడువవలసి వచ్చెను. దాదాపు ఇరువది యేండ్ల సేవకు దక్కిన పట్టము ఒక్క యేడాదిది!

అయినను ఆ యేండ్లు వృథా కాలేదు. తాను నేర్చిన పద్ధతి ఆమెకు తృప్తి నీయలేదు. ఇటలీ నర్తకి పియెరీనా లెన్యానీ ఒంటికాలిపై 32 చుట్లు తిరిగి పీటర్స్‌బర్గును ఆశ్చర్యపరచిన కాలమది. ఆ స్థిరత్వము ఎచ్చటనుండి పుట్టుచున్నది? ఇటలీ గురువు చెకెట్టి వద్ద నేర్చిన ఓల్గా ప్రెయోబ్రజెన్‌స్కాయాను ఆశ్రయించి, ఆమె ప్రతి కదలికకును కారణము వెదకెను.

1917లో విప్లవము వచ్చెను. జీవనాధారము తెగెను. ఆ యేటి చివర భర్త ఆత్మహత్య చేసికొనెను. పొట్టకూటికై ఆమె చిన్న వినోదశాలలలో ఆడెను. పిదప బోధనకు పూనుకొని, 1921లో తాను చదివిన పాఠశాలకే ఉపాధ్యాయినిగా వచ్చెను. రొట్టెయు వంటచెరకును కరవైన దినములవి. బాలే దొరల వినోదము, దానికిక చోటేల యని వాదించువారును కలరు.

ఆ వాదమునకు ఆమె శిష్యురాండ్రే సమాధానమైరి. 1925లో మరీనా సెమ్యోనోవా, 1928లో గలీనా ఉలానోవా ఆమె తరగతినుండి వెలువడిరి. గంతు కాలితో పుట్టినను, నిలుపునది వీపు అని ఆమె బోధించెను. చేయి, మెడ, చూపు కాలితో ఏకమై కదలవలయును. ఇటలీవారి దార్ఢ్యమును ఫ్రెంచివారి మార్దవమును ఆమె పద్ధతిలో కలిసినవి. అడుగు ఎట్లు వేయవలయునో శిష్యురాండ్రచే వివరముగా వ్రాయించెడిది. ఊరక అనుకరించుట ఆమెకు చాలదు. తనకు కొరతయైన చేతుల సొగసే ఆమె శిష్యురాండ్రకు గుర్తింపు తెచ్చుట విశేషము.

1931 నుండి 1937 వరకు ఆమె లెనిన్‌గ్రాడు బాలే బృందమునకు కళాదర్శకురాలుగ నుండెను. ఆ కాలముననే, 1934లో, శాస్త్రీయ నాట్యమూలసూత్రములపై ఆమె గ్రంథము వెలువడెను. 1946లో అది ఆంగ్లమునకు అనువదింపబడెను. యుద్ధకాలమున పాఠశాలతోపాటు పెర్మ్ ప్రాంతమునకు తరలిపోయి, మరల వచ్చి బోధించెను. 1951 నవంబరు 5న మరణించెను. ఆ యేడే ఆమె కడపటి శిష్యురాండ్రలో నొకతెయగు ఇరీనా కొల్పకోవా చదువు ముగించెను. పాఠశాలకు వాగనోవా పేరు 1957లో పెట్టిరి.