మట్టిలో మందు వెతికించిన సుబ్బారావు

దుండిగల్, గండిమైసమ్మ చుట్టుపక్కల మందుల పరిశ్రమలున్న సంగతి మనకు తెలిసిందే. కానీ చాలా మందులకు మూలం మట్టిలోని సూక్ష్మజీవులే! అలాంటి అన్వేషణను ముందుండి నడిపిన తొలితరం శాస్త్రవేత్తల్లో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేగులు పోషకాలను పీల్చుకోలేని స్ప్రూ జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలోనే కన్నుమూశారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించారన్న కోపంతో ప్రొఫెసర్ తక్కువ మార్కులు వేయడంతో, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. స్ప్రూ చికిత్సకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. ఆపైన ఫోలిక్ యాసిడ్‌ను పోలిన పదార్థాలతో, దాన్ని కణం వాడుకునేలా చేసే ఎంజైమ్‌నే అడ్డుకోవచ్చని తేలింది. అలా వచ్చిందే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌తోపాటు కీళ్లవాతానికీ దీన్ని ఇస్తారు. కీళ్లవాతానికైతే సాధారణంగా వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

మట్టి వేట కూడా అక్కడే సాగింది. వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ ఎక్కడెక్కడి మట్టి నమూనాలనో పరీక్షించారు. మిస్సోరి విశ్వవిద్యాలయ పొలంలోని మట్టిలో బంగారు వన్నె పదార్థాన్నిచ్చే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా దొరికింది. దాని నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసింది. రోగకారక బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారుచేసుకోకుండా ఇది అడ్డుకుంటుంది. టెట్రాసైక్లిన్ మందుల్లో ఇదే మొదటిది. ఆ ఏడాది ఆగస్టులోనే 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు.

కొలెస్ట్రాల్ మందులూ ఈ బాటలోనే వచ్చాయి. 1970ల్లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో, కొలెస్ట్రాల్ తయారీకి కీలకమైన కాలేయ ఎంజైమ్‌ను అడ్డుకునే పదార్థాన్ని బూజులో కనుగొన్నారు. అదే తొలి స్టాటిన్. దాన్ని స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా సాయంతో మార్చి ప్రవాస్టాటిన్ తయారుచేశారు. ఆరియోమైసిన్‌ను ఇచ్చిందీ ఆ జాతి బ్యాక్టీరియానే.

సుబ్బారావు నోబెల్ అందుకోలేదు. సోదరులను బలిగొన్న జబ్బుకు మాత్రం మందు అందించి వెళ్లారు. గర్భిణులకు ఈ రోజు ఇస్తున్న ఫోలిక్ యాసిడ్ మాత్రలోనూ ఆయన శ్రమ ఉంది.