35 ఏళ్లకు కోరుకున్న కొలువు.. పిల్లల జబ్బు గుట్టు తేల్చిన సిసిలీ

రెజ్యూమెలో రెండేళ్ల గ్యాప్ కనిపిస్తే చాలు, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. బీటెక్ అయ్యాక ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేనూ చాలా రాత్రులు నిద్ర లేకుండా గడిపాను. అందుకే డాక్టర్ సిసిలీ విలియమ్స్ జీవితం చదువుతున్నప్పుడు ఆమె సాధించిన వాటికన్నా ముందు, ఆమె ఎదురుచూసిన ఏళ్ల దగ్గరే ఆగిపోయాను.

పదో తరగతి జీవశాస్త్రంలో మరాస్మస్ పక్కనే క్వాషియార్కర్ అని బట్టీ పట్టాం, గుర్తుందా? ఆ మాటను ప్రపంచ వైద్యానికి పరిచయం చేసింది ఈవిడే.

సిసిలీ 1893 డిసెంబర్ 2న జమైకాలో పుట్టారు. 19 ఏళ్లకే ఆక్స్‌ఫర్డ్‌లో సీటు వచ్చింది. కానీ ఇంట్లో పరిస్థితులు బాగోలేక అమ్మానాన్నలకు సాయంగా ఉండిపోయారు. తండ్రి 1916లో చనిపోయాకే ఆమె చదువు మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోవడంతో అమ్మాయిలకు మెడిసిన్ తలుపులు కాస్త తెరుచుకున్న కాలం అది. 1923లో డాక్టరయ్యారు. అప్పటికి యుద్ధం ముగిసింది, మగ డాక్టర్లు తిరిగొచ్చారు. మహిళా డాక్టర్లకు మళ్లీ ఉద్యోగాలు కరువు.

బ్రిటిష్ వలసల్లో పిల్లల వైద్యం చేయాలన్నది సిసిలీ కోరిక. దానికోసం దాదాపు రెండేళ్లు ప్రయత్నిస్తూనే ఉన్నారు. అలాగని ఖాళీగా కూర్చోలేదు. గ్రీస్ వెళ్లి శరణార్థుల మధ్య పనిచేశారు, లండన్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చేశారు. చివరికి 1929లో గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, పోస్టింగ్ వచ్చింది. అప్పటికి ఆమె వయసు 35. హోదా పేరులోనే మహిళా వైద్యాధికారి అని ఉండేది. పని అదే, జీతం మాత్రం మగవాళ్లకన్నా తక్కువ.

అక్కడి ఆసుపత్రిలో ఆమెను ఒక విషయం కలవరపెట్టింది. పాలు తాగే వయసులో బొద్దుగా ఉన్న పిల్లలే రెండు మూడేళ్లు వచ్చేసరికి నీరసించిపోయేవారు. కాళ్లు ఉబ్బి, పొట్ట ముందుకొచ్చి, జుట్టు ఎర్రబడి, చర్మం పొలుసులుగా ఊడిపోయేది. చాలామంది చనిపోయేవారు. పుస్తకాల్లో ఉన్న పెల్లాగ్రా అనే జబ్బు ఖాతాలో దీన్ని వేసేయడం తేలిక. లోపం మూలం చూడకుండా టికెట్ క్లోజ్ చేయడం లాంటిదే అది. సిసిలీ అలా చేయలేదు. చనిపోయిన పిల్లల శవపరీక్షలు తానే చేశారు. అలా చేస్తున్నప్పుడు చేయి తెగి, ఇన్ఫెక్షన్ సోకి ప్రాణం మీదికొచ్చింది కూడా. యాంటీబయాటిక్స్ లేని రోజులవి.

అంతకన్నా ముఖ్యంగా, ఆమె స్థానికులను అడిగారు. ఆ ఊళ్లవాళ్ల దగ్గర ఈ జబ్బుకు ముందే ఒక పేరుంది. గా భాషలో క్వాషియార్కర్ అంటే, తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్ద బిడ్డకు వచ్చే జబ్బు అని అర్థం. ఆ పేరులోనే సగం కారణం దొరికింది! తల్లి మళ్లీ గర్భం దాల్చితే పెద్ద బిడ్డ పాలు మాన్పించి మొక్కజొన్న గంజికి అలవాటు చేసేవారు. కడుపు నిండేది కానీ ఎదిగే బిడ్డకు కావాల్సిన ప్రొటీన్ అందేది కాదు. 1933లో ఈ వివరాలతో పరిశోధన పత్రం రాశారు. 1935లో లాన్సెట్ పత్రికలో క్వాషియార్కర్ పేరుతోనే మరో పత్రం వచ్చింది. ఇది పెల్లాగ్రానే అని వాదించిన నిపుణులున్నా ఆమె వెనక్కి తగ్గలేదు.

రోగానికి మందివ్వడం ఒక శాఖ, రోగం రాకుండా చూడడం ఇంకో శాఖ అన్న పద్ధతి సిసిలీకి నచ్చేది కాదు. పైవాళ్లతో పేచీ వచ్చి 1936లో మలయాకు బదిలీ అయ్యారు. అక్కడ మరో సమస్య. నర్సుల్లా బట్టలు వేసుకున్న సేల్స్‌గర్ల్స్ బాలింతల దగ్గరికెళ్లి, తల్లిపాలకన్నా తియ్యటి డబ్బాపాలే మేలని నమ్మించేవారు. పసిపిల్లలు జబ్బుపడి చనిపోయేవారు. 1939లో సింగపూర్ రోటరీ క్లబ్‌లో మాట్లాడమంటే, పాలు, హత్య అని అర్థం వచ్చే పేరు పెట్టి, ఆ ప్రచారాన్ని హత్యతో సమానం చేస్తూ ప్రసంగించారు. ఉద్యోగం గురించి భయపడేవాళ్లు చేసే పనేనా ఇది?

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి బందీ అయి చాంగీ జైల్లో గడిపారు. తిండి చాలక బెరిబెరి వచ్చింది. పోషకాహార లోపం మీద పరిశోధన చేసిన మనిషి, దాన్ని సొంత ఒంటి మీద అనుభవించారు.

1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో తల్లీబిడ్డల ఆరోగ్య విభాగానికి తొలి అధిపతి అయ్యారు. తర్వాత ఢిల్లీలోని ఆగ్నేయాసియా కార్యాలయంలోనూ పనిచేశారు. 1950 ప్రాంతంలో ఆఫ్రికా దేశాల్లో జరిపిన సర్వేలో క్వాషియార్కర్ ఎంత విస్తరించిందో తేలింది. ఒకప్పుడు కొట్టిపారేసిన మాట అలా పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది. 1992లో, 98 ఏళ్ల వయసులో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. డబ్బాపాల ప్రచారాన్ని నిషేధిస్తూ మన దేశం చట్టం చేసింది కూడా అదే ఏడాది.

గ్రూప్స్‌కి చదివేవాళ్లకు 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైందని తెలిసే ఉంటుంది. బిడ్డ బరువు చూడడం, తిండి పెట్టడం, టీకా వేయించడం, తల్లితో మాట్లాడడం ఒక్కచోటే జరగాలన్నది దాని వెనకున్న ఆలోచన. సిసిలీ పైవాళ్లతో పేచీ పడింది సరిగ్గా ఇలాంటి దాని కోసమే. రేపు మీలో ఒకరు సీడీపీవో కావచ్చు, ఇంకొకరు అంగన్‌వాడీ టీచర్ల కోసం యాప్ రాయొచ్చు. స్క్రీన్ మీద ఒక బిడ్డ బరువు తగ్గినట్టు ఎర్ర గుర్తు కనిపిస్తే, ముందు ఆ ఇంటికెళ్లి తల్లిని అడగండి. జవాబు ఆమె దగ్గర ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఇక గ్యాప్ సంగతి. సిసిలీ రెజ్యూమెలోనూ అది ఉంది. ఆ ఖాళీలో ఆమె ఏం చేశారో కూడా ఉంది.